లక్షకు పది లోపు

అమెరికాలో నేను పనిచేసే ల్యాబ్‌లో యురేనియం ఉండే గదికి నా కార్డు పనిచేయదు. మాది హన్మకొండ, పాస్‌పోర్టు ఇండియాది. ఆ గది ఈ దేశ పౌరులకే. మా పని అణు రియాక్టర్ ఇంధనపు ఉండలకు పూతలు వేయడం. నాకిచ్చేది యురేనియం బదులు వాడే జిర్కోనియా ఉండలు. పూత వేసే పద్ధతి ఒకటే కాబట్టి పనిలో తేడా తెలియదు. కాఫీ దగ్గర నన్ను చూసి ఆ గదిలో పనిచేసేవాళ్లు మాట మార్చినప్పుడే తెలుస్తుంది.

ఈ ఇంధనాన్ని ట్రైసో అంటారు. అర మిల్లీమీటరు ఉండ చుట్టూ నాలుగు పూతలు: గుల్లగా ఉండే కార్బన్, గట్టి కార్బన్, సిలికాన్ కార్బైడ్, మళ్లీ గట్టి కార్బన్. అన్నీ కలిపినా గసగసాల గింజంత. యురేనియం చీలినప్పుడు పుట్టే వాయువులకు గుల్ల పొర చోటిస్తుంది. సీజియం లాంటి రేడియోధార్మిక పదార్థాలు బయటపడకుండా ఆపేది ముఖ్యంగా సిలికాన్ కార్బైడే, మందం 35 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). చైనాలో 2023 డిసెంబరులో వాణిజ్యపరంగా మొదలైన షిదావోవాన్ రియాక్టర్‌కు ఇలాంటి గింజలు 12,000 దాకా గ్రాఫైట్‌లో కలిపి 6 సెంటీమీటర్ల గోళంగా చేస్తారు.

కొలిమిలో కింది నుంచి గ్యాస్ ఊదితే ఉండలు పైకి లేచి తిరుగుతుంటాయి, ఆ వేడికి గ్యాస్ విడిపోయి పూతగా పేరుకుంటుంది. నా వంతు ఆ తర్వాత. గింజల్ని రెసిన్‌లో పోసి, సరిగ్గా సగానికి అరగదీసి, పాలిష్ చేసి, మైక్రోస్కోప్ కింద పొరలు కొలవాలి. సగానికి రాకముందే ఆపినా, సగం దాటినా పొర ఉన్నదానికన్నా మందంగా కనబడుతుంది. లేని మందం రిపోర్టులోకి ఎక్కుతుంది. రోజూ ఇదే టెన్షన్.

బాపు భూపాలపల్లిలో సింగరేణి బాయి పని చేసి రిటైరయ్యాడు. వీడియో కాల్‌లో ఒకటే అడుగుతాడు: "అది పేలదా బిడ్డా?"

"లక్ష గింజలకు పది లోపే చెడ్డయి ఉండాలె బాపు. మించితే ఆ బ్యాచ్ పక్కకు పెడ్తరు."

పేలుతుందా పేలదా అంటే నేను లెక్క చెబుతానని మా బంధువులకు విసుగు. బాపుకు మాత్రం లేదు. "బాయిల గ్యాస్ ఒక్కసారి చూస్తే అయిపోదు, షిఫ్టు షిఫ్టుకు చూడాలె" అన్నాడు.

పరీక్షల్లో ఈ గింజలు బాగానే నిలిచాయి. అమెరికాలోని ఐడహోలో 2009లో ముగిసిన ఏజీఆర్-1 అనే పరీక్షలో దాదాపు 3 లక్షల గింజల్ని రియాక్టర్‌లో పెడితే, అన్ని పొరలూ తెగిన గింజ ఒక్కటీ కనబడలేదు. తర్వాత కొన్నిటిని కొలిమిలో 1600 డిగ్రీల దగ్గర 300 గంటలు ఉంచి చూశారు, 1800 దాకా కూడా వెళ్లారు. ఆ గింజల లోపలి ఉండలో ఉన్నది యురేనియం ఆక్సైడ్ ఒక్కటే కాదు, యురేనియం కార్బైడ్ కూడా. ఒట్టి ఆక్సైడ్ అయితే యురేనియం చీలాక మిగిలిన ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి కార్బన్ మోనాక్సైడ్ అవుతుంది. లోపల ఒత్తిడి పెరుగుతుంది. కార్బైడ్ ఆ ఆక్సిజన్‌ను పట్టేస్తుంది.

అయినా "ఇది కరగదు, భయం లేదు" అని బ్రోషర్లలో రాసుకునేవాళ్లంటే నాకు చిరాకు. పొర చెక్కుచెదరకున్నా రేడియోధార్మిక వెండి అందులోంచి జారుకుంటుంది. పైపులకు అంటుకుంటే రేడియేషన్ డోసు పడేది రిపేరుకు వెళ్లినవాడికి. జర్మనీలో యూలిష్ రియాక్టర్‌లో 1986లో, ఒక్కో వేడి దగ్గర ఒక్కోటి కరిగే తీగలున్న గోళాలు వేసి చూస్తే, కొన్నిచోట్ల లెక్కకట్టిన దానికన్నా బాగా ఎక్కువ వేడి తేలింది. గింజ మంచిదే, అది ఎంత వేడిలో ఉందో మనకు తెలియకపోతే ఎలా?

మొన్న బాపు ప్రశ్న మార్చాడు. "కాలినంక ఆ గోలీలు ఏడ పారేస్తరు?"

"పారెయ్యరు, రియాక్టర్ దగ్గరనే దాస్తరు" అన్నాను. గ్రాఫైట్ ఎక్కువ కాబట్టి అంతే కరెంటుకు మామూలు ఇంధనం కన్నా చాలా చోటు కావాలి, శాశ్వతంగా పెట్టే జాగా అమెరికాలో ఇంకా తయారు కాలేదు. అదీ చెప్పాను.

"గట్లయితే పూత పని పూర్తిగాలేదన్నట్టే" అన్నాడు.