గుమ్మడి కేకు పొడి ఇంట్లో కొట్టుకునేటప్పుడు

పంప్‌కిన్ స్పైస్ పొడిలో గుమ్మడికాయ పిసరంత కూడా ఉండదు. అమెరికాలో గుమ్మడికాయతో ‘పై’ (pie) అనే తీపి వంటకం చేసేటప్పుడు వేసే సుగంధ ద్రవ్యాల పొడి అది. పేరు అందుకే అలా వచ్చింది. మెకార్మిక్ కంపెనీ 1934లో దాన్ని డబ్బాకెత్తి అమ్మింది. 2003లో స్టార్‌బక్స్ వాళ్లు కాఫీలో వేశాక ఊరూరా పాకింది. పిల్లలు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న ఇళ్లు విజయవాడ, గుంటూరుల్లో కొల్లలు కాబట్టి ఆ బుల్లి డబ్బా ఇక్కడి వంటింటి అలమరల్లోకీ వచ్చి చేరింది. తీరా వెనక ఉన్న చీటీ చదివితే దాల్చిన చెక్క, శొంఠి, జాజికాయ, లవంగం, ఆల్‌స్పైస్. ఐదింట్లో నాలుగు మనింట్లోనే ఉన్నాయి.

ఉన్నాయి కదా అని మామూలుగా పొడి కొడితే మాత్రం అది గరం మసాలాకు తమ్ముడై కూర్చుంటుంది. తప్పు దినుసులది కాదు, మన చేతిది. బిర్యానీకి అలవాటుపడ్డ చెయ్యి లవంగాలు ధారాళంగా వేస్తుంది, బాణలి పెట్టి దోరగా వేయిస్తుంది, చివర్లో రెండు ధనియాలు కూడా పడేస్తుంది. ఈ పొడికి దాల్చిన చెక్కే యజమాని. మొత్తం బరువులో సగానికి పైగా అదే ఉండాలి. మిగతావి దాని వెనక నిలబడాలి.

కొలత ఇది. పొడి చేసి జల్లించాక దాల్చిన చెక్క 25 గ్రాములు, శొంఠి 8, జాజికాయ 5, లవంగం 3. మొత్తం 41 గ్రాములు. 250 గ్రాముల మైదా కేకుకు రెండు టీస్పూన్లు పడుతుంది కాబట్టి ఎనిమిది కేకుల దాకా వస్తుంది. మన వాతావరణంలో అంతకంటే ఎక్కువ చేసి పెట్టుకోవడం దండగ. పావు గ్రాము తేడా పట్టే చిన్న డిజిటల్ కాటా ఉంటే సుఖం. లేకపోతే తలగొట్టిన టీస్పూన్లతో చెక్క పొడి తొమ్మిదిన్నర, శొంఠి నాలుగున్నర, జాజికాయ రెండుంబావు, లవంగం ఒకటిన్నర. అప్పటికప్పుడు తురిమిన జాజికాయ పొంగినట్టు ఉంటుంది కాబట్టి స్పూనులో కాస్త అదిమి కొలవండి.

జల్లించాకే తూయమనడానికి కారణం ఉంది. లవంగం దాదాపు మొత్తం పొడి అయిపోతుంది. చెక్క, శొంఠి మాత్రం పీచు వదులుతాయి. ముందే అన్నీ తూచి కలిపి మిక్సీలో వేస్తే జల్లెడలో మిగిలిపోయేది ఎక్కువగా చెక్క, శొంఠే. కింద పడే పొడిలో లవంగం పాలు పెరుగుతుంది. "కొలత ప్రకారమే వేశానండీ, అయినా ఘాటొచ్చింది" అనేవాళ్ల సంగతి చాలాసార్లు ఇదే. అందుకని కొనేటప్పుడు కాస్త ఎక్కువ తీసుకోండి: చెక్క 35 గ్రాములు, శొంఠి 12, లవంగాలు 4, జాజికాయలు రెండు. ఒక కాయ సరిపోవచ్చు, చిన్నదైతే చాలదు.

దినుసులు విజయవాడలో అయితే వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల కొట్లలో, గుంటూరులో అయితే పట్నంబజారులో చూసుకోండి. విడిగా పోసి అమ్మేచోట చేత్తో పట్టి, వాసన చూసి కొనొచ్చు. ప్యాకెట్లో ఆ వీలు లేదు.

దాల్చిన చెక్క పేరుతో రెండు రకాలు వస్తాయి. సిలోన్ చెక్క కాగితాల్లాంటి పలచని పొరలు చుట్టచుట్టినట్టు ఉంటుంది, వేళ్లతో నలిపితే విరుగుతుంది. రెండోది కేసియా. మందంగా, ఒకే పొర లోపలికి మడతపడి ఉంటుంది. ఊరికే పలకల్లాగా కూడా వస్తుంది. కేకు వరకూ నా ఓటు కేసియాకే. ఓవెన్ వేడికి నిలిచే ఘాటు దానిదే, సిలోన్ చెక్క వాసన మరీ మర్యాదగా ఉంటుంది. కాకపోతే కేసియాలో కౌమరిన్ అనే పదార్థం ఎక్కువ, అది మోతాదు మించితే కాలేయానికి మంచిది కాదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ పెట్టిన హద్దు రోజుకు కిలో శరీర బరువుకు 0.1 మిల్లీగ్రాము. ఎప్పుడో ఒక ముక్క కేకు తినేవాళ్లకు బాధ లేదు. పిల్లల పాలల్లో రోజూ వేద్దామనుకుంటే మాత్రం సిలోన్ చెక్కతోనే చేసుకోండి.

లవంగం కొనేటప్పుడు మొగ్గ తల మీద గోరు గుచ్చి చూడండి. నూనె చెమ్మ కనబడాలి. నూనె తీసేసిన లవంగాలు కూడా అమ్ముడుపోతుంటాయి. అవి ఎండి తేలిగ్గా ఉంటాయి, నీళ్లలో వేస్తే అడ్డంగా తేలతాయి. మంచివి మునుగుతాయి, లేదా తల పైకి పెట్టి నిలువుగా నిలబడతాయి. శొంఠి తెల్లగా మెరుస్తుంటే మోజు పడకండి. అది సున్నం పట్టించిన తెలుపు. గోధుమరంగులో, వంకరటింకరగా, విరిస్తే లోపల పీచుతో గట్టిగా ఉండేదే కావాలి. సూదిమొన అంత బెజ్జాలు కనబడితే లోపల పురుగు కాపురం ఉన్నట్టే. జాజికాయకూ అదే పరీక్ష. చేతిలో బరువుగా తగలాలి.

ఇక ఆల్‌స్పైస్. పేరు చూసి అన్నీ కలిపిన పొడి అనుకుంటారు గానీ అది జమైకా వైపు పండే ఒక చెట్టు కాయ. మిరియం కంటే కాస్త పెద్దది, గోధుమరంగు, ఎండిన కాయ ఊపితే లోపల గింజలు కదులుతాయి. మన మూలికల కొట్లో అడిగితే చాలాచోట్ల కబాబ్‌చీనీ చేతిలో పెడతారు. దానికి చిన్న తోక ఉంటే అది చలవమిరియాలు, వేరే సరుకు, దానితో కేకు చేదెక్కుతుంది. అసలుది దొరికితే 4 గ్రాములు పై కొలతకు కలపండి. దొరక్కపోతే కంగారు లేదు. దాని వాసనలో పెద్ద భాగం యూజినాల్, లవంగంలో ఉండేదీ అదే. ఒక గ్రాము లవంగం, ఒకటిన్నర గ్రాము చెక్క, అర గ్రాము జాజికాయ, రెండు మిరియాలు అదనంగా వేస్తే లోటు తెలియదు. అదీ వద్దనుకుంటే పూర్తిగా మానేయొచ్చు, పైన ఇచ్చిన 41 గ్రాముల కొలత దాని అవసరం లేకుండానే నిలబడుతుంది.

ఈ దినుసుల్ని వేయించొద్దు. కూర మసాలాకు వేయిస్తే పచ్చివాసన పోయి కొత్త రుచి పుడుతుంది, సరే. ఈ పొడి పిండిలో కలిసి ఓవెన్లో 180 డిగ్రీల దగ్గర గంటసేపు ఎలాగూ వేగుతుంది. ముందే వేయిస్తే వాసన నూనెలు వంటింట్లోనే ఎగిరిపోతాయి. ఇల్లంతా ఘుమఘుమ, కేకులో మాత్రం కర్ర రుచి. అయితే దసరా, దీపావళి రోజుల్లో మనకు ముసురు పట్టుకుంటుంది, దినుసులు చెమ్మగిల్లి మెత్తబడతాయి. దానికి మందపాటి పెనం బాగా వేడిచేసి, పొయ్యి కట్టేసి, చెయ్యి పెడితే ఓర్చుకోగలిగే వేడికి దిగాక చెక్క, శొంఠి, లవంగాలు పరిచి పెనం చల్లారేదాకా వదిలేయండి. చెక్క టప్పుమని విరిగితే సిద్ధం. వంగితే ఇంకోసారి పెట్టండి. జాజికాయను పెనం జోలికి తీసుకెళ్లకండి, అందులో కొవ్వు ఎక్కువ.

మిక్సీ గురించి గుంటూరు వాళ్లకు చెప్పాల్సింది వేరే ఉంది. కారం కొట్టిన జార్‌లో ఈ పొడి కొట్టకూడదు. నీళ్లతో ఎంత కడిగినా మిరప ఘాటు పోదు, అది నూనెలో కరిగేదే గానీ నీళ్లలో కరగదు. ఇంకో జార్ లేకపోతే ముందు లోపలంతా చుక్క నూనె రాసి గుడ్డతో తుడవండి, తర్వాత సబ్బుతో వేడినీళ్లలో కడిగి ఆరబెట్టండి. గుప్పెడు పచ్చి బియ్యం వేసి మెత్తగా తిప్పి పారబోయండి. రెండోసారి కూడా అలాగే. అయినా మూత లోపలి రబ్బరు వాషర్ ఊడదీసి వాసన చూడండి, కారం అక్కడ దాక్కుంటుంది. దాన్ని వంటసోడా కలిపిన వేడినీళ్లలో అరగంట నానేసి రుద్దితే గానీ వదలదు. ఇక పిండిమరకు పంపుదామనే ఆలోచన వద్దే వద్దు. ఇంత చిన్న కొలత మర రాళ్ల మధ్యే ఉండిపోతుంది, వచ్చేది ముందువాళ్ల పసుపో కారమో.

చెక్కను, శొంఠిని ముందు కల్వంలో శనగగింజంత ముక్కలుగా దంచండి. అలాగే వేస్తే బ్లేడు మొండిబారుతుంది. చిన్న జార్‌లో ఒక్కోటి విడివిడిగా, పది సెకన్లు తిప్పి పది సెకన్లు ఆపుతూ కొట్టండి. ఏకబిగిన తిప్పితే జార్ వేడెక్కి, వేయించొద్దని ఆపిన పని మిక్సీ చేసిపెడుతుంది. లవంగాలు కొంచెమే కాబట్టి బ్లేడుకు అందవు. పొడి అయిన చెక్కలోంచి తూచిన 5 గ్రాములు తీసి వాటితో కలిపి కొట్టి, చివర్లో ఆ 5 లెక్కలోంచి తీసేయండి. ఆపగానే మూత తీయొద్దు, ఐదు నిమిషాలు ఆగండి. చెక్క దుమ్ము గొంతులో పడితే దగ్గు ఆగదు.

జాజికాయను మాత్రం మిక్సీలో వేయకండి. కొవ్వు వదిలి జార్ గోడకు పేస్టులా అంటుకుంటుంది. సన్నకళ్ల తురుముపీట మీద తురమడమే. కాయను అడ్డంగా పట్టుకుంటే తురుము సన్నగా వస్తుంది, వేళ్లూ బతుకుతాయి. సానరాయి మీద అరగదీయడం పసిపిల్లల ఉగ్గుకు బాగుంటుంది, ఇక్కడ నీళ్లు తగలకూడదు. మోతాదు పెంచే సరదా కూడా దీని దగ్గర వద్దు. ఒక మనిషి ఒక్కసారే 5 గ్రాముల జాజికాయ తింటే తల తిరగడం, వాంతులు వచ్చే ప్రమాదముంది. మన కొలతలో ఆ 5 గ్రాములు ఎనిమిది కేకులకు పంచుకుంటున్నాం కాబట్టి భయం లేదు.

జల్లించడానికి మైదా జల్లెడ చాలు. ఇంకా మెత్తగా కావాలంటే పలచటి గుడ్డలో వస్త్రకాయం పట్టండి. పొడి గరుకుగా ఉంటే కేకులో ఇసుకలా తగులుతుంది, శొంఠి పీచు పళ్లలో ఇరుక్కుంటుంది.

కలిపాక నాలుక మీద వేసుకుని తీర్పు చెప్పకండి, ఎంత బాగా కుదిరినా అలా తింటే ఘాటే. పావు గ్లాసు వేడి పాలలో అర స్పూను పంచదార, చిటికెడు పొడి కలిపి తాగి చూడండి. ముందు చెక్క తీపి వాసన, మింగాక గొంతులో శొంఠి వెచ్చదనం రావాలి. నాలుక మొద్దుబారి, పంటినొప్పికి పెట్టుకునే లవంగనూనె గుర్తొస్తే లవంగం ఎక్కువైనట్టు. పంచదారతో అది దాగదు. చెక్క, శొంఠి మూడింటికి ఒకటి చొప్పున కలుపుతూ పోవాలి. ఇష్టమైతే 2 గ్రాముల యాలకుల పొడి కలుపుకోవచ్చు, తొక్క తీసేసిన గింజలతోనే. అంతకు మించితే కేకు కాస్తా బూరెల పూర్ణం వాసనొస్తుంది.

గాజు సీసాలో మెడ దాకా నింపి, పొయ్యికి దూరంగా, చీకటి అరలో పెట్టండి. ఫ్రిజ్ వద్దు, తీసి బయట పెట్టిన ప్రతిసారీ లోపల చెమ్మ పట్టి ఉండ కడుతుంది. ప్లాస్టిక్ డబ్బాకు లవంగం వాసన పట్టిందంటే డబ్బా ఇంక దానికే అంకితం. తడి స్పూను పెట్టకుండా ఉంటే మూడు నెలలు ఘాటు నిలుస్తుంది. దసరాకు చేస్తే క్రిస్మస్ కేకు దాకా వస్తుందన్నమాట. ప్లమ్ కేకులో వేసేటప్పుడు ఎండుద్రాక్ష తీపిని తట్టుకోవడానికి రెండు స్పూన్ల పొడికి పావు స్పూను జాజికాయ అప్పటికప్పుడు తురిమి కలపండి.

గుమ్మడి కేకుకు కొలత: మైదా 250 గ్రాములు, బెల్లం తురుము 200, గుమ్మడి గుజ్జు 250, గుడ్లు రెండు, నూనె 120 మిల్లీలీటర్లు, వంటసోడా ఒక టీస్పూను, ఉప్పు అర, మన పొడి రెండు. తియ్య గుమ్మడికాయే, బూడిద గుమ్మడి కాదు. పులుసులోకి ఉడికించినట్టు నీళ్లలో వేయకుండా ఆవిరి మీద ఉడికించి, గుజ్జును గుడ్డలో వేలాడదీసి నీరు కారిపోయాక తూయండి. మన కాయల్లో నీరు ఎక్కువ, ఆ నీటితోనే వేస్తే కేకు మధ్యలో పచ్చిగా కుంగిపోతుంది. పొడిని మైదాలో కాకుండా గోరువెచ్చటి నూనెలో కలిపి ఐదు నిమిషాలు ఉంచండి. వాసన నూనెలోకి దిగుతుంది కాబట్టి కేకంతా సమానంగా పడుతుంది. 180 డిగ్రీల దగ్గర 50 నుంచి 60 నిమిషాలు.

ఈస్టుతో చేసే బన్నుల్లో మాత్రం ఈ పొడిని పిండిలో కలపకండి. దాల్చిన చెక్కలోని సినమాల్డిహైడ్ ఈస్టును అణిచేస్తుంది, పిండి పొంగక ఇటుకలా మిగులుతుంది. వెన్న, పంచదారతో కలిపి లోపల పూతగా పెట్టి చుట్టండి. పిండిలోనే కావాలంటే 250 గ్రాముల మైదాకు అర టీస్పూను దాటకూడదు.

జల్లెడలో మిగిలిన గరుకు పారేయొద్దు. చిన్న గుడ్డలో మూటకట్టి మరిగే టీలో వేయండి, రెండు మూడు రోజులు వస్తుంది.