పుట్నాల పొడి కూరిన దోరజామ: నా అనుభవం

జామకాయ కోసి ఉప్పూకారం చల్లుకోవడం అందరికీ తెలిసిందే. కూరి పెట్టాలంటే మాత్రం కాయ ఎంచుకోవడంలోనే సగం పని ఉంది. పచ్చికాయలో గుజ్జు చెంచాకు రాదు, మగ్గినదాని గోడ నిలవదు. లేతపసుపు తిరిగి, బొటనవేలితో నొక్కితే కొంచెమే లొంగే దోరకాయలు తీసుకుంటాను. తైవాన్ జామ అని అమ్మే పెద్దకాయలకు కండ మందం కాబట్టి కూరడానికి వీలు. రుచి మాత్రం చప్పన, నాటుజామ వాసన వీటికి రాదు.

నాలుగు కాయలకు పొడి ముందే చేసుకోవాలి. పుట్నాలు మూడు టేబుల్ స్పూన్లు, వేయించి పొట్టు తీసిన పల్లీలు మూడు, నువ్వులు ఒకటి, జీలకర్ర అర టీస్పూను. నువ్వులు చిటపటమనగానే దించేయాలి, మాడితే మొత్తం చేదెక్కుతుంది. మిక్సీని ఆపి ఆపి తిప్పాలి. ఒకే ఊపున తిప్పితే పల్లీల నూనె బయటికొచ్చి ముద్ద కడుతుంది.

కాయ తొడిమ వైపు మూతలా కోసి, అడుగు నిలబడేలా పలుచగా చెక్కుతాను. గోడ సెంటీమీటరు మందం ఉంచి గింజల గుజ్జు తోడేయాలి. తొక్క తీయకూడదు, విటమిన్ సి ఎక్కువగా ఉండేది తొక్కలో, దాని కిందున్న కండలో. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017 పట్టికల ప్రకారం తెల్లజామలో వంద గ్రాములకు అది 200 మిల్లీగ్రాములు దాటుతుంది. పుట్నాల్లో, నువ్వుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి అది సాయపడుతుంది. అందుకే ఇందులో పెరుగు, జున్ను కలపను, కాల్షియం ఆ పనికి కొంత అడ్డు.

తోడిన గుజ్జును జల్లెడలో గరిటెతో రుద్దితే గింజలు పైన నిలుస్తాయి. మిక్సీలో వేయకండి, గింజ నలిగి నోట్లో ఇసుకలా తగులుతుంది. ఈ గుజ్జుతోనే పొడి కలపాలి, వేరే తడి అక్కర్లేదు. ముందు మూడొంతుల పొడి వేసి ఐదు నిమిషాలు ఆగుతాను. పుట్నాలు తడి పీల్చుకుని గట్టిపడతాయి, తొందరపడి అంతా వేస్తే గొంతు పట్టే ముద్దవుతుంది. ఉండ చేస్తే నిలిచి, వేలితో నొక్కితే విడిపోయేలా ఉంటే సరి. టీస్పూను బెల్లం తురుము, పావు టీస్పూను కారం పడతాయి.

ఉప్పు మాత్రం సరిగ్గా కూరబోయేటప్పుడే కలపాలి. చాలా ముందుగా కలిపితే కాయలోంచి నీరు లాగి అడుగున చేరుస్తుంది. లోపలి గోడకు నిమ్మరసం రాసి, ముద్దను గట్టిగా అదిమి నింపాలి. వదులుగా పెడితే కోసేటప్పుడు రాలిపోతుంది. తడిపిన చాకుతో నాలుగు ముక్కలు చేసి, గంటలోపు తినేయాలి. పిల్లల డబ్బాలోకైతే కాయ ముక్కలు, ఉప్పు వేయని పొడి విడివిడిగా పెట్టండి. ఫ్రిజ్‌లో మూత లేకుండా ఉంచితే పాలకీ పెరుగుకీ జామ వాసన పట్టేస్తుంది.