తెనాలి రొద, ఆస్టిన్ రొద

గత నెల మా గ్యారేజీకి 1966 నాటి ఫెండర్ డీలక్స్ రివర్బ్ గిటారు ఆంప్ (యాంప్లిఫయర్) ఒకటి వచ్చింది. తెచ్చినాయన ఇక్కడ అమెరికాలో, ఆస్టిన్ బార్లలో ఎన్నో ఏళ్ళుగా గిటారు వాయిస్తున్న పెద్దమనిషి. "గుయ్యిమంటోంది, మధ్యమధ్య చిటపటలాడుతోంది, అరగంటయ్యేసరికి కాలిన వాసన" అన్నారు. వాల్యూమ్ కంట్రోల్ వీపున 137-6629 అని అచ్చు ఉంది. 137 తయారీదారు సంఖ్య, 66 ఏడాది, 29 వారం. నాకంటే ఎనిమిదేళ్ళు పెద్దది.

తెనాలిలో మా బాబాయి వాల్వు రేడియోలు బాగుచేసేవాడు. ఇక్కడ వాటిని ట్యూబులంటారు గానీ, నాకు ట్యూబంటే ఇప్పటికీ ట్యూబులైటే. విద్యుత్తును నిల్వ చేసుకునే కెపాసిటర్‌ను ఆయన కండెన్సర్ అనేవాడు. నా నోటికీ అదే వస్తుంది.

ఆంప్ ఆన్ చేసి, బాబాయికి ఫోను కలిపి స్పీకరు దగ్గర పెట్టాను. "రొదను అణిచే ఫిల్టర్ కండెన్సర్లు ఎండిపోయాయిరా. అయినా ఇది మన రొదలా లేదే, కాస్త పైన ఉంది" అన్నాడు. ఎనభై దాటినా చెవి అలాగే ఉంది! మన దగ్గర కరెంటు సెకనుకు 50 సైకిళ్ళు, దాన్ని ఒకే దిశకు మళ్ళించే రెక్టిఫయర్ దాటేసరికి రొద 100 అవుతుంది. ఇక్కడ 60, కాబట్టి 120. గిటారు భాషలో తెనాలి రొద ఆరో తీగ మూడో ఫ్రెట్టుకు (మెట్టుకు) దగ్గర. ఆస్టిన్ రొద మాత్రం ఐదో తీగ మీద ఒకటో ఫ్రెట్టుకూ రెండో ఫ్రెట్టుకూ నడుమ పడుతుంది, ఏ స్వరానికీ చెందదు. అందుకే అంత చిరాకు.

ప్లగ్గు పీకేసినా 400 వోల్టుల పైచిలుకు ఈ కండెన్సర్లలో కూర్చుని ఉండవచ్చు. రెసిస్టరుతో దించి, మీటరు సున్నా చూపాకే చెయ్యి పెడతాను. ఎడమ చెయ్యి జేబులో ఉండాలన్నది పాత మెకానిక్కుల నియమం. బాబాయి లుంగీకి జేబెక్కడిది? నడుము వెనక్కి పెట్టుకునేవాడు. నాకు ప్యాంటు ఉన్నా నా చెయ్యి కూడా నడుము వెనక్కే పోతుంది.

రేకు మూత కింద 16 మైక్రోఫారడ్‌ల కండెన్సర్లు ఐదు. ఉబ్బింది ఒక్కటే. బాబాయి అయితే ఆ ఒక్కటే మార్చి కస్టమర్ డబ్బు మిగిల్చేవాడు. నేను ఐదూ మార్చాను. మిగతా నాలుగూ దాని ఈడువే. తర్వాత కరెంటు వచ్చే దారిలో ఒక బల్బు (సిరీస్ బల్బు) పెట్టి కరెంటిచ్చాను. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారింది. షార్టు లేదన్నమాట. రొద పోయింది.

కాలిన వాసనకు కారణం బయాస్ కండెన్సర్, అంటే వాల్వులను అదుపులో పెట్టే నెగెటివ్ వోల్టేజీని నిలిపేది. అది లీకై ఆ వోల్టేజీ తగ్గడంతో, స్పీకరును నడిపే 6వి6 వాల్వులు ఒక్కొక్కటి 30 మిల్లీఆంపియర్లు లాగుతున్నాయి. 420 వోల్టుల దగ్గర అంటే 12.6 వాట్లు. వాటి పరిమితి 12. ఆ కండెన్సర్ మార్చి 20 మిల్లీఆంపియర్లకు దించాను.

చిటపటలు పట్టుకోవడానికి పరికరం అంటూ ఏమీ లేదు, వెదురు పుల్ల చాలు. ఆంప్ నడుస్తుండగా పుల్లతో ఒక్కో భాగాన్నీ తడుతూ పోయాను. మొదటి వాల్వు దగ్గర గోధుమరంగు కార్బన్ రెసిస్టరును తట్టగానే స్పీకర్లో పోపు పేలినట్టు చప్పుడు. 100 కిలో ఓమ్‌లు ఉండాల్సింది 131 చూపించింది. దాని పక్కవాళ్ళు కూడా విలువ తప్పినవాళ్ళే, కానీ నిశ్శబ్దంగా ఉన్నారు. వాళ్ళ జోలికి పోలేదు. ఈ ఆంప్ గొంతులో వాళ్ళ వాటా ఎంతో ఎవరికి తెలుసు?

అడగకుండా చేసిన మార్పు ఒక్కటే. రెండు పిన్నుల తీగ తీసేసి మూడు పిన్నులది వేశాను. మెయిన్స్‌కూ ఛాసిస్‌కూ (ఆంప్ లోహపు చట్రానికీ) మధ్య ఉన్న చిన్న కండెన్సరునూ పీకేశాను. అది షార్టయితే కరెంటు గిటారు తీగల దాకా వస్తుంది. అప్పుడు మైకుకు పెదవి ఆనిస్తే అంతే.

పెద్దాయన మాస్టర్ వాల్యూమ్ (తక్కువ శబ్దంలోనే గరగర పుట్టించే కంట్రోల్) పెట్టమన్నారు. ఇంతకుముందు ఎవరో అదే పని మీద వెనక రేకుకు బెజ్జం వేసి, సగంలో వదిలేశారు. రెండో బెజ్జానికి నేను ఒప్పుకోలేదు. "మీరు వైబ్రాటో వాడతారా?" అని అడిగాను. ఎప్పుడూ వాడలేదట. (పేరుకు వైబ్రాటోయే గానీ అది స్వరాన్ని ఊపదు, శబ్దాన్ని హెచ్చించి తగ్గిస్తుంది.) ఆ వైబ్రాటో కంట్రోల్, గిటారు సిగ్నల్‌ను కొంత మింగుతుంది. దాని తీగ ఒక్కటి విప్పి, కొనకు తొడుగు వేసి పక్కన కట్టాను. ఆ ఛానెల్ కాస్త ముందుగానే గరగరలాడుతోంది. వద్దనుకుంటే మళ్ళీ అతకడం రెండు నిమిషాల పని.

ఇచ్చేరోజు మొదటి సాకెట్లో నా దగ్గరున్న నాలుగైదు 12ఎఎక్స్7 వాల్వులు మార్చి మార్చి వినిపించాను. వాటిలో ఒకటి బెంగళూరు బీఈఎల్‌లో (భారత్ ఎలక్ట్రానిక్స్‌లో) తయారైనది, బాబాయి తన డబ్బాలోంచి తీసి ఇచ్చినది. పెద్దాయన దాని దగ్గర ఆగిపోయారు. ఇరవై నిమిషాలు వాయించారు. ఇక దాన్ని తిరిగి అడగడానికి నాకు నోరు రాలేదు.

బాబాయికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.