మాల్ దుకాణంలో వజ్రం విలువ కట్టిన తీరు: నా అనుభవం

మా ఆవిడకు ఒంటి వజ్రపు ఉంగరం కొనాలని అనుకున్నప్పుడు, విడిరాళ్ళ (నగలో పొదగని వజ్రాల) వ్యాపారులెవరితోనూ నాకు పరిచయం లేకపోవడంతో, షాపింగ్ మాల్‌లోని నగల దుకాణాలకే వెళ్ళాను. అక్కడ ఉంగరానికి వేలాడే చిన్న చీటీ మీద ఒకే ఒక్క అంకె ఉంటుంది. అందులో రాయి ఖరీదు, బంగారం ఖరీదు, మజూరీ, మాల్ అద్దె, ప్రకటనల ఖర్చు, అమ్మేవారి కమీషన్, ఆపైన మనకు తగ్గించబోయే రాయితీ కూడా ముందే కలిసిపోయి ఉంటాయి. వీటిలో రాయి వాటా ఎంతో తేలనంతవరకు ఆ ధర ఎక్కువో తక్కువో చెప్పడానికి వీలులేదని మొదటి దుకాణంలోనే అర్థమైంది. అందుకని ఆ తరువాత ఎక్కడికి వెళ్ళినా రాయిని నగ నుంచి, దీపాల నుంచి, రాయితీ నుంచి విడదీసి చూడటమే పనిగా పెట్టుకున్నాను.

ముందుగా దీపాల సంగతి చెప్పాలి. నగల దుకాణం పైకప్పు నిండా చిన్న చిన్న స్పాట్ లైట్లు ఉంటాయి. వాటి కింద రాయి మీద కోసిన ప్రతి పలకా (చదునైన ముఖం) ఒక్కో దీపాన్ని విడిగా ప్రతిఫలిస్తుంది కాబట్టి సాధారణమైన కోత గల రాయి కూడా నిప్పురవ్వలు చిమ్ముతున్నట్టే ఉంటుంది. నేను అడిగితే ఒక దుకాణంవారు, కాపలా మనిషిని వెంట పంపి, రెండు ఉంగరాలను బయటి నడవాలోకి తీసుకువెళ్ళనిచ్చారు. లోపల రెంటికీ తేడా తెలియలేదు. బయట, పరచుకున్న మామూలు వెలుతురులో, ఒకటి అంచు నుంచి అంచు దాకా తెల్లగా వెలుగుతూనే ఉంది. రెండవదానిని కాస్త వంచగానే పై పలక కింద చేపకన్ను లాంటి బూడిదరంగు వలయం తేలింది. రాయి అడుగుభాగాన్ని లోతు తక్కువగా కోసినప్పుడు నడుము (రాయి చుట్టూ అన్నిటికంటే వెడల్పైన చోటు) అంచు ప్రతిబింబం అలా కనిపిస్తుంది. లోతు మరీ ఎక్కువైతే నడిమధ్య నల్లగా మారుతుంది. నడవాలోకి పంపడానికి ఇష్టపడని చోట కౌంటరు కిందికి వంగి, అరచేతి నీడలో చూశాను. చూసేవారికి వింతగా ఉండవచ్చు గానీ పని జరుగుతుంది.

బరువు విషయంలో అమ్మేవారి మాటలను జాగ్రత్తగా వినాలి. ఒక క్యారెట్ అంటే 0.2 గ్రాములు, అంటే 100 సెంట్లు. ఒకచోట ‘ఒక క్యారెట్ ఉంగరం, సార్’ అని చూపించినదానిలో మధ్య రాయి సగం కూడా లేదు. చుట్టూ పొదిగిన చిన్న రాళ్ళన్నిటినీ కలిపితే ఆ బరువు వచ్చింది. పెద్ద రాళ్ళు అరుదు కాబట్టి రాయి పెరిగేకొద్దీ క్యారెట్ ధర కూడా పెరుగుతుంది. పది సెంట్ల రాళ్ళు పది కలిపినా ఒక క్యారెట్ ఒంటి రాయి విలువకు దరిదాపుల్లోకి రావు. అందువల్ల మొత్తం బరువును పక్కన పెట్టి, మధ్య రాయి బరువెంతో విడిగా చెప్పమని అడగడం అలవాటు చేసుకున్నాను.

సరిగ్గా ఒక క్యారెట్ దగ్గర ధర ఒక్కసారిగా ఎగబాకుతుందన్నది కూడా నాకు ఉపయోగపడింది. మంచి కోత గల గుండ్రటి ఒక క్యారెట్ రాయి వ్యాసం సుమారు 6.4 నుంచి 6.5 మిల్లీమీటర్లు ఉంటే, 90 సెంట్ల రాయి వ్యాసం సుమారు 6.2 ఉంటుంది. వేలి మీద ఆ తేడాను కనిపెట్టగలవారు అరుదు. పైగా ఒక క్యారెట్ అనిపించుకోవడం కోసం నడుమును మందంగా, అడుగును లోతుగా వదిలేసిన రాళ్ళు ఉంటాయి. వాటిలో బరువంతా కంటికి కనిపించని చోట దాగి ఉంటుంది. అందుకే ల్యాబు రాయిని పరీక్షించి ఇచ్చే రిపోర్టులో క్యారెట్ల గడి కంటే ముందు మిల్లీమీటర్ల గడిని చదివాను.

కోత గురించి దుకాణాలలో తక్కువగా మాట్లాడతారు. నా దృష్టిలో డబ్బు పెట్టవలసింది ముందుగా దానికే. రంగు, స్వచ్ఛత రాయితో పుట్టేవి. పైనుంచి పడిన వెలుతురును తిరిగి మన కంటికే పంపడం మాత్రం కోసినవాడి పనితనం మీద ఆధారపడుతుంది. 1919లో మార్సెల్ టోల్కౌస్కీ గుండ్రటి వజ్రానికి ఏ కోణాలు అనుకూలమో లెక్కకట్టి, పైభాగానికి 34.5 డిగ్రీలు, కిందిభాగానికి 40.75 డిగ్రీలు అని చూపాడు. నేటికీ మంచి రాళ్ళు ఆ ఛాయలలోనే ఉంటాయి. 1931లో ఏర్పడిన, వజ్రాలను పరీక్షించి గ్రేడు ఇచ్చే జీఐఏ సంస్థ 2006 నుంచి గుండ్రటి బ్రిలియంట్ (మెరుపు కోసం అనేక పలకలుగా కోసిన) రాళ్ళ రిపోర్టులో ఎక్సలెంట్ నుంచి పూర్ దాకా కోతకు కూడా గ్రేడు ఇస్తోంది. నేను ఎక్సలెంట్‌కు తగ్గకూడదని నిర్ణయించుకుని, మొత్తం లోతు వ్యాసంలో 63 శాతం దాటిన రాళ్ళను పక్కన పెట్టాను.

రంగు, స్వచ్ఛతల దగ్గర అంత పట్టుదల చూపలేదు. రంగును డి (రంగులేనిది) నుంచి జెడ్ (లేత పసుపు) దాకా కొలుస్తారు. నగలో పొదిగాక జి, హెచ్ రాళ్ళు మామూలు కంటికి తెల్లగానే ఉంటాయి. స్వచ్ఛత గ్రేడులు 10 రెట్ల భూతద్దంలో కనిపించేదాన్ని బట్టి ఇచ్చేవి కాబట్టి, కంటికి ఏమీ కనిపించని ఎస్ఐ1 (చిన్న మచ్చలున్న గ్రేడు) రాయి దొరికితే వీవీఎస్ (భూతద్దంలోనూ కష్టంగా కనిపించే మచ్చల గ్రేడు) కోసం అదనంగా చెల్లించడంలో అర్థం కనిపించలేదు. గట్టిగా పట్టుబట్టింది ఒక్క విషయంలోనే: రిపోర్టు విడిరాయిని పరీక్షించి ఇచ్చినదై ఉండాలి. పొదిగిన రాయిని తూకం వేయలేరు, పసుపు బంగారం నీడ రంగును మార్చేస్తుంది, పట్టు కొక్కేల కింద మచ్చలు దాగుతాయి. అన్ని ల్యాబులూ ఒకే కఠినత్వంతో గ్రేడు ఇవ్వవు కాబట్టి, అదే హెచ్ వీఎస్2 (రంగు హెచ్, స్వచ్ఛత వీవీఎస్, ఎస్ఐల మధ్యది) అని రాసి ఉన్నా వేరువేరు ల్యాబుల రాళ్ళను ధరలో పోల్చకూడదు. పగుళ్ళను గాజు లాంటి పదార్థంతో నింపారా అని కూడా అడిగాను. అలాంటి రాళ్ళకు జీఐఏ గ్రేడింగ్ రిపోర్టే ఇవ్వదు.

ల్యాబులో పెంచిన వజ్రాలను కూడా చూపించారు. అవీ వజ్రాలే, వజ్రమా కాదా అని చూసే టెస్టర్ పెన్నుతో తాకితే గనిలో దొరికినదానికి మోగినట్టే దీనికీ మోగుతుంది కాబట్టి, ఆ మోత వినిపించి అసలుదని నిరూపించడం అర్థం లేని పని. వాటి ఉత్పత్తిని పెంచుకుంటూ పోవచ్చు కనుక ధర ఇటీవలి సంవత్సరాలలో బాగా పడిపోయింది, తిరిగి అమ్మితే వచ్చేది చాలా తక్కువ. అందానికి కొనుక్కునేవారికి అది లోపమేమీ కాదు, కాకపోతే ధర కూడా ఆ స్థాయిలోనే ఉండాలి. గనిలోని రాయి ధరకు కాస్త తగ్గించి చెప్పిన చోట నేను బేరం కూడా ఆడలేదు.

ఇక ధర విడదీయడం. కొందరు రాయికి, నగకు విడివిడిగా లెక్క చూపించారు, కొందరు అలా చెప్పడం కుదరదన్నారు. కుదరదన్నచోట నేనే లెక్క వేసుకున్నాను. బంగారం బరువు, స్వచ్ఛత, ఆ రోజు రేటు తెలిస్తే లోహం ఖరీదు ఎవరైనా కట్టగలరు. దాన్ని చీటీ మీది అంకెలోంచి తీసేసి, మిగిలినదాన్ని అదే ల్యాబు, అదే బరువు, అదే కోత, రంగు, స్వచ్ఛత గల విడిరాయికి ఆన్‌లైన్ అమ్మకందారులు చెప్పే ధరతో పోల్చాను. రెంటికీ మధ్య మిగిలే తేడాలో మజూరీ పోను తక్కినది దుకాణం అద్దెకూ, సేవకూ మనం చెల్లించేది. ఏడాది పొడవునా బోర్డు దిగని రాయితీలు ఈ లెక్క ముందు వెలవెలబోయాయి: అందరికంటే ఎక్కువ రాయితీ ఇస్తామన్న చోటే, రాయితీ తగ్గించిన తరువాత కూడా, ఈ తేడా అందరికంటే ఎక్కువగా తేలింది.

‘ఇదే రాయిని వచ్చే ఏడాది మీకే తెచ్చిస్తే నగదు ఎంత ఇస్తారు?’ అని ప్రతిచోటా అడిగాను. మార్పిడికి పూర్తి విలువ ఇస్తామన్నవారు కూడా, అంతకంటే ఖరీదైనది కొంటేనే అన్న షరతును అడిగాక గానీ చెప్పలేదు. నగదు మాటకు చాలామంది నవ్వి ఊరుకున్నారు. కొన్న ధర కంటే ఎక్కువ విలువ రాసి వాళ్ళే ఇచ్చే వాల్యుయేషన్ పత్రాన్ని నేను లెక్కలోకి తీసుకోలేదు. దానివల్ల మహా అయితే బీమా ప్రీమియం పెరుగుతుంది.

చివరకు 90 సెంట్లకు కాస్త పైబడిన విడిరాయిని, లెక్క విడదీసి చూపిన దుకాణంలో, ఆన్‌లైన్ ధర కంటే కొంచెం ఎక్కువకే తీసుకున్నాను; రాయిని కళ్ళారా చూసి ఎంచుకునే వీలుకు ఆ తేడా సమంజసమే అనిపించింది. దాని నడుము మీద లేజర్‌తో చెక్కిన రిపోర్టు నంబరు కొక్కెం కింద పడకుండా రెండు కొక్కేల మధ్యకు వచ్చేలా పొదగమని చెప్పాను. ఉంగరం చేతికి వచ్చిన రోజున వాళ్ళ భూతద్దంతోనే ఆ నంబరును చదివి, జీఐఏ వెబ్‌సైటులోని వివరాలతో సరిచూసుకుని, బిల్లులో సహజ వజ్రమని, మధ్య రాయి బరువు విడిగా, రిపోర్టు నంబరుతో సహా రాయించుకున్నాకే మిగిలిన డబ్బు చెల్లించాను.