నా పాడ్‌కాస్ట్‌కి నేను ఓనర్‌ని కాదన్నారు

నా పాడ్‌కాస్ట్ పాత అడ్రసుకి వచ్చేవాళ్లని కొత్తదానికి పంపే రీడైరెక్ట్ నిన్న రాత్రి పనిచేయడం మొదలైంది. కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. తగ్గకముందే రాసేస్తున్నాను, ఎందుకంటే ఈ అవస్థ రేపు ఇంకెవరికైనా రావచ్చు.

పుస్తకాల గురించి మాట్లాడే చిన్న కార్యక్రమం నాది. వినేవాళ్లు లక్షల్లో లేరు. కానీ ఎపిసోడ్ ఒక్కరోజు ఆలస్యమైతే ఏమైందని అడిగే మనుషులున్నారు. మొదటి నుంచీ ఒకే హోస్టింగ్ సర్వీసులో, అంటే ఎపిసోడ్‌లని దాచి యాప్‌లకి అందించే చోట, ఉంచాను. ఆ సర్వీసు మూసేస్తున్నామని మెయిల్ వచ్చింది. ధన్యవాదాలు పైన పెద్ద అక్షరాల్లో ఉన్నాయి, ఆఖరి తేదీ ఎక్కడో అడుగున ఉంది.

ఆడియో ఫైళ్లు దించుకోవడం తేలికే. ఒక బటన్ నొక్కితే ఒక పెద్ద జిప్ వచ్చింది. విప్పి, ప్రతి ఎపిసోడ్ చివరిదాకా ఉందో లేదో విని చూసుకోండి. కొత్త హోస్ట్‌ని వెతకడానికి ఒక పూట పట్టింది.

చిక్కంతా ఫీడ్ దగ్గరే. పాడ్‌కాస్ట్ అంటే నిజానికి ఒక ఆర్‌ఎస్‌ఎస్ అడ్రసు. ఎపిసోడ్ల జాబితా ఉండే ఆ ఫైలునే ఫీడ్ అంటారు. 2005లో యాపిల్ ఐట్యూన్స్‌లో పాడ్‌కాస్ట్‌లు చేర్చిన రోజుల నుంచీ యాప్‌లు ఆ అడ్రసుకి వెళ్లే కొత్త ఎపిసోడ్ ఉందా అని చూస్తున్నాయి. అది ఆగిపోతే వినేవాళ్లు మనమే మానేశామనుకుంటారు. అందుకే ఇల్లు మారేటప్పుడు పోస్టాఫీసులో కొత్త అడ్రసు ఇచ్చినట్టు, పాత ఫీడ్ నుంచి కొత్తదానికి 301 రీడైరెక్ట్ (శాశ్వతంగా మారిపోయామని యాప్‌లకి చెప్పేది) పెట్టించాలి. కనీసం నాలుగు వారాలు దాన్ని ఉంచమని యాపిల్ చెబుతుంది.

కొత్త హోస్ట్ వాళ్లు పాత ఫీడ్‌ని తీసుకునే ముందు అది మనదేనని రుజువు అడుగుతారు. సబబే, లేకపోతే ఎవరి కార్యక్రమాన్నైనా ఎవరైనా ఎత్తుకుపోతారు. ఫీడ్‌లో ఓనర్ మెయిల్ అని ఒకటి ఉంటుంది, కోడ్ దానికే పంపుతారు. నాకు కోడ్ రాలేదు. స్పామ్‌లోనూ లేదు. చివరికి ఫీడ్‌ని బ్రౌజర్‌లో తెరిచి ఆ వరుస చూశాను. అక్కడ ఉన్నది నా మెయిల్ కాదు, పాత సర్వీసు వాళ్ల సొంత మెయిల్! మనకు స్పామ్ రాకుండా కాపాడతామన్న పేరుతో, అడగకుండానే వాళ్ల అడ్రసు పెట్టేసుకున్నారు. నాకు రావాల్సిన కోడ్‌లన్నీ మూతపడుతున్న కంపెనీలో ఎవరూ చూడని ఇన్‌బాక్స్‌కి పోతున్నాయి.

పాత సర్వీసు సపోర్ట్‌కి రాశాను. మొదట బాట్, అడిగిందే మళ్లీ అడిగింది. తర్వాత మనిషి వచ్చాడు. అతను ఇచ్చిన జవాబు ఇది: "మా రికార్డుల ప్రకారం ఈ ఫీడ్ ఓనర్ మెయిల్ మీది కాదు. దయచేసి ఓనర్ చేత రాయించండి."

ప్రతి ఎపిసోడ్‌లో వినిపించేది నా గొంతు. నెలనెలా డబ్బు కట్టింది నా కార్డు. అయినా వేరేవాళ్ల సొమ్ము కాజేయడానికి వచ్చిన దొంగతో మాట్లాడినట్టు మాట్లాడారు. వివరంగా రాసిన ప్రతిసారీ అదే జవాబు. ఒకపక్క ఆఖరి తేదీ దగ్గరపడుతోంది. ఆ టెన్షన్‌తో నిద్ర పట్టేది కాదు.

చివరికి ఆ వరుసని స్క్రీన్‌షాట్ తీసి, కింద ఎర్ర గీత గీసి, బిల్లు రసీదులు జతచేసి, "ఇది మీ అడ్రసు. మార్చాల్సింది మీరే" అని మాత్రం రాశాను. ఇంకెవరో చూసి మార్చేశారు. క్షమాపణ లేదు. కాసేపటికే కోడ్ వచ్చింది. సపోర్ట్ వాళ్లకి పొడుగాటి ఉత్తరాలు రాయకండి, చదవరు. బొమ్మ పంపండి.

మూసివేత మెయిల్ వచ్చేదాకా ఆగకుండా ఇవాళే మీ ఫీడ్ తెరిచి ఓనర్ మెయిల్ ఎవరిదో చూడండి. మారేటప్పుడు ప్రతి ఎపిసోడ్ జీయూఐడీ, అంటే ఆ ఎపిసోడ్‌ని యాప్‌లు గుర్తుపట్టే కోడ్, పాతదే ఉండాలి. అది మారితే పాత ఎపిసోడ్లన్నీ కొత్తవాటిలా మళ్లీ కనబడతాయి.

సర్వీసు మూసేయడమే తప్పని నేననను. 2009లో సొంత వెబ్‌పేజీలు పెట్టుకునే జియోసిటీస్, 2013లో ఫీడ్‌లు చదువుకునే గూగుల్ రీడర్ పోయాయి. 2024లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ మూసినప్పుడు మనం సబ్‌స్క్రైబ్ చేసిన పాడ్‌కాస్ట్‌లన్నీ వేరే యాప్‌కి పట్టుకెళ్లేలా ఓపీఎంఎల్ ఫైలు ఇచ్చారు. మూసేవాళ్లకి ఆ మాత్రం బాధ్యత ఉండాలి. ఏళ్ల తరబడి డబ్బు తీసుకున్నవాళ్లకి మరీ ఉండాలి.

రీడైరెక్ట్ ఎన్నాళ్లుంచుతారని పాత సర్వీసు వాళ్లని అడిగితే ఇప్పటిదాకా జవాబు లేదు. అందుకే ఈ వారం నుంచి ప్రతి ఎపిసోడ్ మొదట్లో కొత్త ఫీడ్ అడ్రసు చదువుతున్నాను. రీడైరెక్ట్ పనిచేస్తున్నప్పుడే వీలైనంతమంది మారిపోవాలి.