సన్నదు పక్కన పెట్టి లా కాలేజీకి: నా అనుభవం

జిల్లా కోర్టులో సివిల్ ప్రాక్టీసు చేస్తూనే చాలాకాలం లా కాలేజీలో పాఠాలు చెప్పాను. న్యాయవాది రోజుకు 3 గంటలకు మించకుండా న్యాయశాస్త్రం బోధించవచ్చని అడ్వొకేట్స్ చట్టం కింద కేంద్ర ప్రభుత్వం చేసిన 1979 నిబంధనలు అనుమతిస్తాయి. పూర్తికాలం ఉద్యోగంలో చేరితే మాత్రం బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 49వ నిబంధన ప్రకారం ఆ సంగతి రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు తెలియజేసి, ఆ ఉద్యోగంలో ఉన్నంతకాలం ప్రాక్టీసు మానుకోవాలి.

సన్నదు, అంటే న్యాయవాదిగా ప్రాక్టీసు చేసే అనుమతి పత్రం, సస్పెండ్ చేయమని దరఖాస్తు పెట్టుకోవడం తేలికే. కేసులు అప్పగించడమే కష్టం. వకాల్తా పుచ్చుకున్న వకీలు కోర్టు అనుమతి లేకుండా తప్పుకోవడానికి సివిల్ ప్రొసీజర్ కోడ్ 3వ ఆర్డరు 4వ రూలు ఒప్పుకోదు. అందువల్ల కక్షిదారులను ఒక్కొక్కరినే పిలిపించి, వాయిదాలు వివరించి, వారు కోరుకున్న న్యాయవాదికి నిరభ్యంతర పత్రం రాసిచ్చి కేసు కట్టలు అప్పగించాను. భాగపంపకాల దావా వేసిన ఒక పెద్దావిడ "నా సాక్ష్యం అయ్యేదాకా ఉండు బాబూ" అన్నారు. ఆమె క్రాస్ ఎగ్జామినేషన్ ముగిశాకే దరఖాస్తు పంపాను. అది న్యాయమని ఇప్పటికీ నమ్ముతున్నాను.

తర్వాత పీహెచ్‌డీ, ప్రొఫెసర్ హోదా, డీన్ బాధ్యత వరుసగా వచ్చాయి. డీన్‌గా నేను పట్టుబట్టింది డ్రాఫ్టింగ్ పేపరు మీద, అంటే దావాలు, పత్రాలు రాయడం నేర్పే పేపరు మీద. 2008 లీగల్ ఎడ్యుకేషన్ నిబంధనలు దానిని ఆచరణాత్మక పేపరుగా పెట్టినా, పాత రికార్డులు చూసి ఎక్కించి మార్కులు తెచ్చుకునే అలవాటు విద్యార్థుల్లో బలంగా ఉండేది. నేను కక్షిదారుగా కూర్చుని, అడిగితేనే జవాబు చెబుతూ, దావా రాయించాను. శాశ్వత ఇంజంక్షన్ (నిషేధ ఉత్తర్వు) కోరుతూ ఒక అమ్మాయి రాసిన దావాలో సుప్రీంకోర్టు తీర్పులు బాగా కుదిరాయి గానీ, ఆస్తి వివరాలు రాసే షెడ్యూలులో తూర్పు, దక్షిణం, పడమర, ఉత్తరం హద్దులే లేవు. వ్యాజ్యకారణం, అంటే దావా వేయడానికి దారితీసిన సంఘటన, ఏ రోజు ఏర్పడిందో కూడా లేదు. హద్దులు లేని స్థలానికి డిక్రీ వచ్చినా దాన్ని అమలు చేసే కోర్టు ఉద్యోగి అమీను దేన్ని చూపించి అమలు చేస్తాడని అడిగాను. ఆమె ప్రశ్నలన్నీ మళ్లీ మొదటినుంచి వేసి, మొత్తం తిరగరాసింది.

హాజరు విషయంలోనే నాకు ఎక్కువ మథనం. ప్రతి సబ్జెక్టులో 70 శాతం ఉండాలి; అసాధారణ కారణం ఉంటే, మొత్తం మీద 70 శాతం ఉన్నవారికి ఒక సబ్జెక్టులో 65 శాతం దాకా సడలించే అధికారం నిబంధనలు డీన్‌కు ఇచ్చాయి. తండ్రి ఆసుపత్రిలో ఉన్న కుర్రాడికీ, పెళ్లిళ్లకు తిరిగిన కుర్రాడికీ ఒకే సడలింపు ఇవ్వలేను. అందుకే ప్రతి దరఖాస్తు మీదా కారణాలతో ఉత్తర్వు రాస్తాను, అది అడిగిన విద్యార్థికి చదివి వినిపిస్తాను.