పాప్ ఆర్ట్ గ్యాలరీలో నా మొదటి ప్రింటు

బొమ్మలంటే నాకు ఎప్పటినుంచో ఇష్టం. పాప్ ఆర్ట్ గురించి, అంటే రోజూ చూసే సరుకుల్నీ ప్రకటనల్నీ కామిక్ బొమ్మల్నీ వస్తువుగా తీసుకునే కళ గురించి, దొరికిందల్లా చదివాను కూడా. కానీ ఆ చూడటమంతా పుస్తకాల్లో, ఫోన్ తెరమీద. నిజం బొమ్మ ఎదురుగా నిలబడి చూడాలన్నా, నచ్చితే ఒకటి కొనుక్కోవాలన్నా గ్యాలరీకి వెళ్ళాలి. అక్కడే కాళ్ళు ముందుకి పడేవి కావు. తెల్లటి గోడలు, చప్పుడు లేని గదులు, ఎక్కడా కనిపించని ధరలు, అడిగితే ఏమనుకుంటారోనన్న బెరుకు. ఇలా గుమ్మం దాకా వచ్చి ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకి పనికొస్తుందని, లోపలికి వెళ్ళడం దగ్గర్నుంచి ఒక ప్రింటు (కళాకారులు కొన్ని ప్రతులే అచ్చేసి అమ్మే బొమ్మ) ఇంటికి తెచ్చుకునేదాకా జరిగిందంతా రాస్తున్నాను.

నేను వెళ్ళింది చాలా చిన్న గ్యాలరీ, రెండే గదులు. టికెట్ లేదు. బొమ్మలు అమ్మే గ్యాలరీల్లో చాలావాటికి ప్రవేశం ఉచితమే, కొనకపోయినా ఎవరూ ఏమీ అనరు. బల్ల దగ్గర కూర్చున్నావిడ లేచి, "రండి, నిదానంగా చూడండి. ఏదన్నా అడగాలనిపిస్తే నేనిక్కడే ఉంటాను" అని మళ్ళీ తన పనిలో పడ్డారు. వెంటపడి తిరగలేదు, పట్టించుకోకుండా వదిలెయ్యనూ లేదు. బల్ల చివర ధరల కాగితాలు దొంతరగా పెట్టి ఉన్నాయి, ఎవరైనా తీసుకోవచ్చు. బొమ్మ పేరు, ఏ పద్ధతిలో చేశారు, కొలతలు, ఎన్ని ప్రతులు, ధర, అన్నీ అందులోనే ఉన్నాయి. ఆ ఒక్క కాగితంతో నా బెరుకు సగం పోయింది. ధర కోసం నోరు తెరిచి అడగాల్సి రావడమే కొత్తవాళ్ళని దూరం పెడుతుందని నా గట్టి నమ్మకం. ధరలు దాచే గ్యాలరీలు ఈ విషయం ఆలోచించాలి.

అందులోనూ పాప్ ఆర్ట్ పెట్టే చోట ధర దాచడానికి కారణమే లేదు. ఈ కళ పుట్టిందే అంగడి సరుకులోంచి, ప్రకటనల్లోంచి, కామిక్ పుస్తకాల్లోంచి. 1957లో బ్రిటిష్ చిత్రకారుడు రిచర్డ్ హామిల్టన్ ఒక ఉత్తరంలో పాప్ ఆర్ట్ లక్షణాలు వరసగా రాసినప్పుడు జనం కోసం తయారయ్యేదని, చవకైనదని, పెద్ద ఎత్తున తయారయ్యేదని అందులో చేర్చాడు. 1961 చివర్లో శిల్పి క్లేస్ ఓల్డెన్‌బర్గ్ న్యూయార్క్‌లో ఏకంగా ఒక దుకాణమే తెరిచి, ప్లాస్టర్‌తో చేసి రంగులేసిన తినుబండారాలూ బట్టలూ అందులో పెట్టి అమ్మాడు. 1986లో అదే నగరంలో చిత్రకారుడు కీత్ హేరింగ్ 'పాప్ షాప్' పెట్టాడు, తన బొమ్మలు టీషర్టుల మీద, బ్యాడ్జీల మీద మామూలు జనానికి అందాలని. దారిన పోయేవాళ్ళు తలుపు తోసుకుని రావాలని వీళ్ళే కోరుకున్నారు. ఆ చిన్న గదుల్లో తిరుగుతుంటే అదే గుర్తొచ్చింది.

మొదటి గదిలో అన్నీ నాకు నచ్చాయని చెప్పను. ఒక పెద్ద కాన్వాసు మీద సినిమా తార ముఖం నాలుగు రంగుల్లో నాలుగుసార్లు వేసి ఉంది. చూడగానే అమెరికన్ పాప్ చిత్రకారుడు ఆండీ వార్హోల్ గుర్తొస్తాడు, అంతకుమించి ఏమీ గుర్తు రాదు. వార్హోల్ 1962లో, హాలీవుడ్ నటి మార్లిన్ మన్రో చనిపోయిన కొద్ది కాలానికే, ఒక ప్రచార ఫోటో తీసుకుని ఆ ముఖాన్ని 50 సార్లు అచ్చేశాడు. ఎడమ పక్కన 25 ముఖాలకి గాఢమైన రంగులు, కుడి పక్కన 25 ఉత్త నలుపు. ఆ నలుపు కొన్నిచోట్ల ముద్దగా అలుక్కుపోయి, కొన్నిచోట్ల చెరిగిపోయి ఉంటుంది. ఆ చెరిగిపోవడంలోనే చావు కనిపిస్తుంది. నేను చూసిన కాన్వాసులో రంగులున్నాయి, ఆ చావు జాడ లేదు. కొట్టొచ్చే రంగులూ తెలిసిన ముఖమూ కలిపితే పాప్ ఆర్ట్ అయిపోదు. ఈ మాట కాస్త జంకుతూనే ఆవిడతో అన్నాను. ఆవిడ ఏమాత్రం నొచ్చుకోకుండా, మరైతే రెండో గది చూడమన్నారు.

రెండో గదిలో ఎడమ గోడ మీద ఉంది నేను కొన్న బొమ్మ. సగం వాడేసి, కింద నుంచి మడతలు పెట్టిన టూత్‌పేస్ట్ ట్యూబు. మూత లేదు. వెనక అంతా మండే గులాబీ రంగు. గుమ్మం దగ్గర్నుంచి చూస్తే ట్యూబు మడతల్లో మెత్తటి నీలి నీడ పరుచుకున్నట్టుంది. రెండడుగులు ముందుకి వేస్తే ఆ నీడ చుక్కలుగా విడిపోయింది. ఇంకా దగ్గరికి వెళ్తే చుక్కల అంచులు విడివిడిగా కనిపించాయి, ఒక్కో చుక్క కాగితం మీద రవ్వంత ఉబ్బెత్తుగా ఉంది. గులాబీ, నీలం కలిసేచోట వెంట్రుకంత సన్నగా ఊదా గీత. ఫోన్‌లో ఇవేవీ తెలియవు. ఇంకో అమెరికన్ పాప్ చిత్రకారుడు రాయ్ లిక్టెన్‌స్టైన్ చుక్కల గురించి ఎంత చదివినా, కామిక్ పుస్తకాల అచ్చు చుక్కల్ని అతను అంత పెద్దవి చేసి కాన్వాసు మీదకి ఎందుకు తెచ్చాడో నాకు ఇక్కడే అర్థమైంది. ముందుకీ వెనక్కీ నడుస్తూ ఉంటే బొమ్మ నా కళ్ళముందే బొమ్మ కాకుండా పోయి మళ్ళీ బొమ్మ అవుతోంది.

ఆ ఊదా గీత గురించే అడిగాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. ఇది స్క్రీన్ ప్రింట్ అని మొదలుపెట్టి, తయారీ అంతా చెప్పారు. చట్రానికి బిగించిన సన్నటి జాలీ గుడ్డకి వెలుతురు తగిలితే గట్టిపడే మందు పూస్తారు. బొమ్మని నల్లగా వేసిన పారదర్శకమైన ఫిల్మ్ దాని మీద పెట్టి వెలుతురు చూపిస్తారు. నలుపు అడ్డుపడ్డ చోట మందు మెత్తగానే ఉండి నీళ్ళకి కడుక్కుపోతుంది, ఆ దారుల్లోంచే సిరా కాగితం మీదకి దిగుతుంది. పైన సిరా పోసి రబ్బరు అంచున్న స్క్వీజీతో లాగుతారు. ఒక్కో రంగుకి ఒక్కో స్క్రీన్. ఈ బొమ్మకి ఐదు రంగులు, 40 ప్రతులు, అంటే పాడైనవి పక్కనపెట్టినా కనీసం 200 సార్లు చేత్తో లాగాలి. ప్రతిసారీ కాగితం అదే చోట కూర్చోవాలి. రెండు రంగుల మధ్య తెల్లటి సందు కనబడకుండా ఒకదాని అంచు మీదకి ఇంకోటి కొద్దిగా ఎక్కిస్తారు. అదే ఆ గీత.

కొనాలని అప్పుడే అనుకున్నాను, కానీ వెంటనే మాట ఇవ్వలేదు. గోడ మీద ఫ్రేములో ఉన్నది కాక విడి ప్రతి చూపిస్తారా అని అడిగాను. ఇది ఎవరైనా అడగొచ్చు, అడగాలి కూడా. వెడల్పాటి, లోతు తక్కువ సొరుగుల బీరువాలోంచి పల్చటి కాగితం కప్పిన ప్రింటు తీసి, చేతులు తుడుచుకుని, బల్ల మీద పరిచారు. కింద అంచున పెన్సిల్‌తో ఎడమ పక్క 17/40 అని, కుడి పక్క కళాకారిణి సంతకం. మొత్తం 40 ప్రతుల్లో ఇది 17వది. స్క్రీన్ ప్రింట్లలో ఒకటో నంబరు నాణ్యమైనదనీ నలభయ్యోది తక్కువనీ ఏమీ లేదు. ఇవి కాక కళాకారులు తమ కోసం ఉంచుకునే కొద్ది ప్రతుల మీద ఏ.పీ. (ఆర్టిస్ట్స్ ప్రూఫ్) అని రాస్తారు. 40 పూర్తయ్యాక స్క్రీన్లు కడిగేశారా, ఇదే బొమ్మని ఇంకో సైజులో ఇంకో ఎడిషన్‌గా, అంటే ఇంకో విడత ప్రతులుగా, వేస్తారా అన్నవి కూడా అడిగాను. పక్కన ఉన్న ఇంకో బొమ్మ ఇంక్‌జెట్ ప్రింటని, దాన్ని జీక్లే అంటారని ఆవిడే చెప్పారు. అది తప్పు కాదు, బాగానే ఉంటుంది, కాకపోతే చేత్తో లాగింది కాదని తెలిసే కొనాలి.

డబ్బు విషయానికొస్తే, ఒకేసారి కట్టనక్కర్లేదా అని మొహమాటపడకుండా అడిగేశాను. రెండు వాయిదాలకి ఒప్పుకున్నారు. అన్ని గ్యాలరీలూ ఒప్పుకుంటాయని కాదు, కానీ అడగడంలో చిన్నతనం ఏమీ లేదు. రసీదు మీద కళాకారిణి పేరు, బొమ్మ పేరు, సంవత్సరం, పద్ధతి, కొలతలు, ప్రతి నంబరు రాయించుకున్నాను. ఒరిజినల్ అని ధ్రువీకరించే పత్రం కూడా ఇచ్చారు. ఆవిడ గోడ దగ్గరికి వెళ్ళి, పేరు చీటీ పక్కన ఎర్ర చుక్క స్టిక్కరు ఇంకోటి అంటించారు. ఎర్ర చుక్క అంటే అమ్ముడైందని గుర్తు. ఎడిషన్ కాబట్టి ఎన్ని ప్రతులు పోతే అన్ని చుక్కలు. అప్పటికే అక్కడున్న చుక్కల సరసన నాదీ చేరడం చూస్తే, ముక్కూ ముఖం తెలియని ఆ మిగతా కొనుగోలుదార్లతో చుట్టరికం కలిసినట్టనిపించింది.

గొట్టంలో చుట్టి ఇస్తామన్నారు గానీ నేను వద్దన్నాను. స్క్రీన్ ప్రింట్‌లో సిరా పొర మందంగా ఉంటుంది, బిగించి చుడితే చిట్లే ప్రమాదం ఉంది. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి ఇచ్చారు. ఫ్రేము కట్టేచోట మూడు సంగతులు గట్టిగా చెప్పాలని ఆవిడ నన్ను హెచ్చరించారు. ప్రింటు వెనక, చుట్టూ వాడే అట్ట ఆమ్లం లేనిది కావాలి, లేకపోతే కాగితం పచ్చబడుతుంది. అద్దం ప్రింటుకి తగలకుండా మధ్యలో ఖాళీ ఉంచాలి. వెనక జిగురు పూసి అట్టకి అతికించకూడదు. ఫ్రేము కట్టే అతను మొదట అతికిస్తేనే నున్నగా ఉంటుందన్నాడు, నేను పట్టుబట్టాక చిన్న కాగితం పట్టీలతో పై అంచున మాత్రం నిలబెట్టాడు. ఆ గులాబీ ఫ్లోరోసెంట్ సిరా, ఎండకి త్వరగా వెలిసిపోయే రకం. అందుకే అతినీలలోహిత కిరణాల్ని ఆపే అద్దం వేయించి, కిటికీ వెలుగు నేరుగా పడని గోడ చూసి తగిలించాను.

వాయిదా మిగతా సగం కట్టడానికి వెళ్ళినప్పుడు ఇంకో మాట తెలిసింది. ఈ కళాకారిణే గ్యాలరీలో కూర్చుని స్క్రీన్ ప్రింట్ ఎలా వేస్తారో చేసి చూపించబోతున్నారట, ఎవరైనా రావచ్చట. పేరు రాయించాను. ఐదు రంగుల్లో ఏది ముందు, ఏది వెనక అని ఆమె ఎలా తేల్చుకున్నారో అడగాలి. గులాబీ మీద నీలం కాకుండా నీలం మీద గులాబీ వేసి ఉంటే ఆ గీత ఏ రంగులో వచ్చేదో చూపించమని కూడా అడుగుతాను.